గ్రే కెమెరా బాడీలు ఇక అమ్మం, లెన్సులు మాత్రం ఉంటాయి

"అదే కెమెరా వేరే షాపులో తక్కువకి ఇస్తున్నారు, మీరెందుకు ఇవ్వరు?" అని కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెబుతున్నాం.

ఆ తక్కువ రేటు పీసు చాలాసార్లు గ్రే. నకిలీ అనుకోకండి, అసలు సరుకే. కాకపోతే కంపెనీ ఇండియా శాఖ ద్వారా కాకుండా వేరేవాళ్లు హాంకాంగ్ నుంచో దుబాయ్ నుంచో తెప్పించింది. శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఇలాంటి అసలు సరుకు దిగుమతి చేసి అమ్ముకోవచ్చంది. అయితే "ఇది మేం తెప్పించుకున్నది, కంపెనీ వారంటీ లేదు, సర్వీసు బాధ్యత మాదే" అని షాపులో బోర్డు పెట్టాలంది. మాకు ముఖ్యమైంది ఆ షరతే. చెప్పి అమ్మితే వ్యాపారం, దాచి అమ్మితే మోసం.

గ్రే బాడీలు, అంటే లెన్సు లేకుండా వచ్చే కెమెరాలు, ఎందుకు మానేస్తున్నామంటే, అందులో ఖరీదైనవన్నీ మెయిన్ బోర్డు, సెన్సార్, షటర్. వీటిలో ఏది పోయినా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. అక్కడ ముందు చూసేది సీరియల్ నంబరు. అది ఇండియాలో అమ్మినది కాకపోతే మన బిల్లు ఎంత పక్కాగా ఉన్నా ఉచితంగా చేయరు. కొన్నిచోట్ల డబ్బు కట్టినా తీసుకోరు. ఇంకోటి, జపాన్‌లో అమ్మే సోనీ బాడీలు చాలావాటిలో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, ఇంగ్లీషుకి మారదు.

లెన్సుల సంగతి వేరు. ఆటోఫోకస్ మోటారు, ఎపర్చర్ బ్లేడ్ల (లోపలికి వచ్చే వెలుతురుని తగ్గించి పెంచే రేకుల) రిపేర్లు చాలావరకు బయట మంచి మెకానిక్ దగ్గర కూడా అవుతాయి. ఎక్కువగా వచ్చే ఫంగస్, కిందపడ్డ దెబ్బ అనే రెండు ఫిర్యాదులకీ ఇండియా పీసుకైనా కంపెనీ వారంటీ వర్తించదు. (విశాఖ, కాకినాడ వైపు వాళ్లు లెన్సులు డ్రై క్యాబినెట్‌లో 40 నుంచి 50 శాతం తేమలో ఉంచండి. బీరువాలో తోలు సంచిలో పెట్టొద్దు.) గ్రే లెన్సు మీద మోటారు, ఎపర్చర్, మౌంట్ కాంటాక్టులకు (లెన్సుని బాడీకి కలిపే చోట ఉండే లోహపు పిన్నులకు) ఏడాది షాపు వారంటీ ఇస్తాం. సీరియల్ నంబరుతో సహా బిల్లు మీదే రాసిస్తాం. 30 రోజుల్లో బాగుచేయలేకపోతే డబ్బు వాపసు.

ఎక్కడ కొన్నా పెట్టె తిప్పి చూడండి. ఇండియా పీసైతే దిగుమతిదారు పేరు, అడ్రసు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉండాలి. దిగుమతిదారు కంపెనీ ఇండియా శాఖేనా అన్నది చదవండి. పెట్టె మీద, బాడీ అడుగున, బిల్లులో సీరియల్ నంబరు ఒకటే కావాలి. చార్జర్‌కి మందపాటి చదరపు పిన్నుల ప్లగ్గు, దానికి తోడు ఒక కన్వర్టర్ ఉంటే అది గ్రే అనే అనుమానించండి. "ఇంటర్నేషనల్ వారంటీ ఉంది" అంటే, ఆ సీరియల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌కి మీరే ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టండి. జీఎస్టీ బిల్లు లేకుండా తెల్లకాగితం మీద రాసిస్తే తీసుకోవద్దు, రేపు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవాలన్నా చేతిలో ఆధారం ఉండదు.

ఇప్పటికే మా దగ్గర గ్రే బాడీ కొన్నవారికి బిల్లు మీద రాసిన షాపు వారంటీ ఆ తేదీ దాకా నడుస్తుంది. గ్రే బాడీకి అడ్వాన్స్ కట్టినవారు రసీదు తెస్తే మొత్తం వెనక్కిస్తాం, లేదా ఇండియా పీసుకి సర్దుతాం.