పార్సిల్ కంటే ముందు వచ్చే ఉత్తరం

ఎడిసన్, న్యూజెర్సీ
ఆదివారం రాత్రి

బంగారు తల్లీ,

మొన్న ఫోన్లో నాలుగు రికార్డులు కొన్నానని నువ్వు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే బిల్లు 150 డాలర్లు అయిందన్నావు, కార్డు మీద గీకేశానన్నావు. నాకు నోట మాట రాలేదు. నువ్వు కూడా టక్కున మాట మార్చేశావు. అమ్మకి కోపం వచ్చిందనుకున్నావేమో. రాలేదమ్మా. చెప్పాల్సింది చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, అంతే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ ఉద్యోగం కొత్త. షికాగోలో అద్దె కట్టాలి, చదువు అప్పు తీర్చాలి, ఆ మిగిలిన దాంట్లోనే పాట వినాలి. వినొచ్చు. నేను అంతకంటే తక్కువలో విన్నాను.

1993లో ఇక్కడికి వచ్చినప్పుడు నాది హెచ్-4 వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. నాన్న పొద్దున ఏడింటికి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. విజయవాడలో ఇంటినిండా జనం మధ్య పెరిగినదాన్ని, ఇక్కడ బయట మంచు పడుతుంటే వంటింట్లో రేడియో తిప్పుతూ కూర్చునేదాన్ని. అలా తిప్పుతుంటే ఒకరోజు 88.3 తగిలింది. న్యూవార్క్ నుంచి వచ్చే డబ్ల్యూబీజీఓ. చాలాసేపు జాజే. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో వారం పప్పులో పోపు వేస్తూ చూసుకుంటే నా కాలు తాళం వేస్తోంది.

సరుకుల డబ్బులో మిగుల్చుకున్నవి వారానికి 5 డాలర్లు, అవి నావి. అప్పుడు అందరూ సీడీలకి మారిపోతున్నారు. శనివారం గరాజ్ సేల్స్‌లో ఎల్పీలు, అంటే ఈ నల్ల గ్రామఫోన్ రికార్డులు, పాల క్రేట్లలో కుక్కి వాకిట్లో పెట్టేవాళ్లు, ఒక్కోటి 25 సెంట్లు. నాకు కారు రాదు కాబట్టి నడిచి వెళ్లగలిగినంత దూరమే నా బజారు. మన వెనక వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత ప్లేయర్ 10 డాలర్లకి ఇచ్చి, పైన ఒక రికార్డు ఊరికే పెట్టారు. అది జాజ్ పియానో వాయించే డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్', 1959 నాటిది.

మొదటి వైపు మూడో పాట 'టేక్ ఫైవ్' వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే తొడ మీద పడింది. మన ఖండచాపు తక తకిట కదా, రెండూ మూడూ. వీళ్లది తకిట తక, మూడూ రెండూ. ఐదక్షరాలే, తిరగేసి నడుస్తున్నాయి. చిన్నప్పుడు పాట మేష్టారి ముందు చాప మీద కూర్చుని వేసిన తాళం, ఈ మంచు ఊళ్లో, ఎవరో పడేసి పోతున్న రికార్డులో దొరికింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. తర్వాత తెలిసింది, 1958లో బ్రూబెక్ బృందం మన దేశానికి కూడా వచ్చి కచేరీలు చేసిందట. అదే ప్రయాణంలో టర్కీ వీధుల్లో విన్న తొమ్మిది లెక్కే ఆ రికార్డులో మొదటి పాట అయింది. రెండు, రెండు, రెండు, మూడు. నువ్వూ వేసి చూడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రికార్డు ఊరికే రావడానికి కారణం అది బాగోలేకపోవడం కాదు. లక్షల కాపీలు అచ్చయ్యాయి, ఇంటికొకటి ఉండేది. జనం విపరీతంగా కొన్న రికార్డే తర్వాత చవగ్గా దొరుకుతుంది. అరుదుగా దొరికేదానికి ధర ఎక్కువ. ఆ అరుదు అన్నది చెవికి వినపడేది కాదు.

ఇప్పుడు కాలం మారింది, నాకూ తెలుసు. 2022లో అమెరికాలో సీడీల కంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. 25 సెంట్ల రోజులు మళ్లీ రావు. అయినా నువ్వు ఒక్క కొత్త రికార్డుకి పెట్టిన డబ్బుతో పాతవి ఏడెనిమిది ఇవాళ్టికీ వస్తాయి. నెలకి 25 డాలర్లు అనుకో, కవర్లో నోట్లుగా పెట్టుకో. కార్డు ఇంట్లో వదిలేసి వెళ్లు.

అన్నిటికంటే ముందు, సూట్‌కేసులా మూసేసే నీ ఆ రికార్డు ప్లేయర్ సంగతి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ అలాంటి చవకరకాల్లో చాలావాటికి ముల్లుని మోసే చేయి బరువుగా రికార్డు మీద ఆనుతుంది, ముల్లు కూడా నాసిరకం. వేసిన ప్రతిసారీ గాడి అరుగుతుంది, అరిగిన గాడి మళ్లీ రాదు. ఈ నెల, వచ్చే నెల రికార్డులు కొనకు. ఆ డబ్బుతో ఎవరైనా అమ్ముతున్న పాత టెక్నిక్స్‌దో పయనీర్‌దో టర్న్‌టేబుల్ తీసుకుని, దానికి కొత్త ముల్లు వేయించు. ముల్లు మాత్రం పాతది వద్దు, అది ఎన్ని గంటలు తిరిగిందో అమ్మేవాడికే తెలియదు. ముల్లు రికార్డు మీద ఆనే బరువు దాదాపు రెండు గ్రాములు, ఆ ముల్లుతో వచ్చే కాగితంలో ఎంత రాసుంటే అంత. నాన్నని అడిగితే వీడియో కాల్‌లో సరిచేయిస్తారు.

ఇక షాపులో. అట్ట చూసి మురిసిపోకుండా ముందు లోపల ఉన్నది ఆ రికార్డేనా చూడు. తమాషాకి చెప్పట్లేదు, వేరే రికార్డు ఉన్న అట్టలు నేను మూడు ఇంటికి తెచ్చుకున్నాను. అంచులూ మధ్య లేబులూ మాత్రమే పట్టుకుని, పైనున్న దీపం కింద వాలుగా తిప్పు. వెంట్రుకల్లాంటి సన్నని గీతలు కనిపిస్తాయి, అవి పెద్దగా వినపడవు. గాడులకి అడ్డంగా ఉన్న గీత మీద గోరుతో మెల్లిగా, తాకీ తాకనట్టు అను. గోటికి తగిలితే ముల్లుకీ తగులుతుంది. తర్వాత లేబుల్ మీద కన్నం చుట్టూ చూడు. సాలెగూడు పోగుల్లా మెరిసే గీతలుంటే, ఎవరో చీకట్లో, తొందరలో, చాలాసార్లు కన్నం వెతుక్కుంటూ పెట్టారన్నమాట. బాగా ఇష్టంగా విన్న రికార్డు అది, బాగా అరిగి ఉంటుంది కూడా. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిద రంగు తిరిగితే వదిలెయ్. కంటికి సమానంగా ఎత్తి అంచు చూస్తే వంకర తెలిసిపోతుంది. చివరికి ఒకసారి వాసన చూడు. బేస్‌మెంట్ బూజు వాసన ఇంట్లోకి వస్తే పక్క రికార్డులకీ అంటుకుంటుంది.

దుమ్మూ, వేలిముద్రలూ చూసి మాత్రం వెనక్కి పెట్టకు. జనం అవి చూసే వదిలేస్తారు, మనకి దొరికేది అక్కడే. డిస్టిల్డ్ వాటర్, గిన్నెల సబ్బు ఒక్క చుక్క, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా ఎప్పుడూ వద్దు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి ఆరబెట్టు. పాత 78 స్పీడు రికార్డులు దొరికితే వాటి దగ్గరికి ఆల్కహాల్ రానివ్వకు, అవి లక్కవి, కరిగిపోతాయి.

ఇప్పుడు నేను మోసపోయిన కథ. నీకు పదేళ్లప్పుడు నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒక రికార్డుల మేళాలో ఒకతను బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ రికార్డు చూపించి మొదటి అచ్చు, అంటే విడుదలైనప్పుడే వేసిన కాపీ అన్నాడు. 60 డాలర్లు ఇచ్చాను. చేతులు వణికాయి, అంత డబ్బు ఒక రికార్డుకి పెట్టడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని లేబుల్ అంచు చదివితే లిబర్టీ రికార్డ్స్ అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే బ్లూ నోట్‌ని లిబర్టీ వాళ్లు కొనేశాక వేసిన అచ్చు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి ముల్లు పెట్టాను. ట్రంపెట్ గదిలో నిలబడి ఊదినట్టుంది. గాడులు అయిపోయాక లేబుల్‌కి ముందు ఖాళీ నలుపు ఉంటుంది చూడు, అక్కడ దీపం కింద పెడితే 'వాన్ గెల్డర్' అని చిన్న ముద్ర కనిపించింది.

రూడీ వాన్ గెల్డర్ మన న్యూజెర్సీ మనిషే. కళ్లద్దాల డాక్టరు. మొదట్లో హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేసేవాడు, 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టాడు. ఆయన చేత్తో గాడులు కోసిన మాస్టర్ పళ్లెం నుంచి అచ్చయితేనే ఆ ముద్ర ఉంటుంది. లేబుల్ మీద ఏ కంపెనీ పేరు ఉన్నా నా చెవికి కావాల్సింది ఆ ముద్రే. అప్పటినుంచి అట్ట కంటే ముందు ఆ ఖాళీ నలుపు చూడటం అలవాటైంది.

అలా చూస్తుంటేనే ఒక విషయం తెలిసింది. ఇది నా దగ్గరున్న అసలైన కిటుకు. 1970ల్లో సీటీఐ అని ఇంకో కంపెనీ ఉండేది. వాళ్ల రికార్డులు చాలావరకు అదే స్టూడియోలో, అదే వాన్ గెల్డర్ చేశాడు. బ్లూ నోట్‌లో ట్రంపెట్ వాయించిన ఫ్రెడ్డీ హబ్బర్డ్, శాక్సఫోన్ వాయించిన స్టాన్లీ టరెంటైన్ ఇందులోనూ వాయించారు. హబ్బర్డ్ 'రెడ్ క్లే' వినమ్మా, బాస్ మొదలవగానే నీకే తెలుస్తుంది. సేకరించేవాళ్లు బ్లూ నోట్ పేరు కోసం వందలు పోస్తారు, ఇవి పక్క డబ్బాలో చాలా తక్కువకే ఉంటాయి. అలాగే 1980ల్లో వచ్చిన 'ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్' వరస. ప్రెస్టీజ్, రివర్‌సైడ్ లాంటి కంపెనీల పాత రికార్డుల్ని శ్రద్ధగా మళ్లీ అచ్చువేశారు. పేరులో ఒరిజినల్ అని ఉన్నా ఒరిజినల్ అచ్చు కాదు కాబట్టి అంత ధర ఉండదు. కళ్లు మూసుకుని కొను.

మొదటి అచ్చు అంటే అన్నిట్లో గొప్ప అనుకోవడానికీ లేదు. నువ్వు కొన్న నాలుగింటిలో ట్రంపెట్ మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఉంది కదా. 1959లో అది రికార్డు చేసిన మొదటి రోజు ఒక టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపు మూడు పాటలూ అసలు శ్రుతి కంటే ఒక పిసరు పైకి వెళ్లాయి. 1992 దాకా ఎవరూ సరిచేయలేదు. నా దగ్గరున్న పాత కాపీకి శ్రుతి పెట్టె పెట్టి చూశాను, నిజంగానే కుదరదు. నీ కొత్త కాపీ సరిగ్గా ఉండాలి. కాబట్టి ఆ ఒక్కటీ కొన్నందుకు బాధపడకు.

రాక్ నాకు నీవల్లే వచ్చింది. హైస్కూల్లో నువ్వు నీ గదిలో వినేవి గోడకివతల కూరలు తరుగుతూ నేనూ వినేదాన్ని. స్టీలీ డాన్ 'అజా' మన ప్రిన్స్‌టన్ షాపులో 3 డాలర్లకి దొరికిన రోజు గుర్తుందా? టైటిల్ పాట మధ్యలో శాక్సఫోన్ వస్తే నేను వంట ఆపేసి మరీ వచ్చాను. వేన్ షార్టర్. న్యూవార్క్ కుర్రాడు. రాక్ డబ్బాలో ఉందని జాజ్ వాళ్లు చూడరు, జాజ్ ఉందని రాక్ వాళ్లకి తెలియదు. గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం 'శక్తి' కూడా అలాగే, ఏ డబ్బాలో వేయాలో తెలియక ఎక్కడో అడుగున పెట్టేస్తారు. వయొలిన్ శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం వినాయక్‌రామ్. ఎక్కడ కనిపించినా రెండు తీసుకో, ఒకటి నాకు పంపు. నా కాపీ అరిగిపోయింది.

ప్రిన్స్‌టన్‌లో నేల మీద పెట్టిన చవక డబ్బాల దగ్గర నువ్వు నా ఒళ్లో కూర్చుని అట్టలు తిప్పేదానివి. షికాగోలోనూ అంతే చెయ్, నేల మీద కూర్చో. నడుం ఎత్తున ఉన్న డబ్బాలు అందరూ చూసేస్తారు. ఇంకో మాట, ఏ ఊరి రికార్డులు ఆ ఊళ్లోనే ఎక్కువ తేలతాయి. పియానో అహ్మద్ జమాల్ 1958లో మీ ఊళ్లో పెర్షింగ్ హోటల్లో వాయించింది మీ ఊరి ఆర్గో కంపెనీయే వేసింది, బాగా అమ్ముడుపోయింది. ఇంకో పియానో ఆయన రామ్సే లూయిస్ మీ ఊరివాడే. మీ వైపు పాత ఇళ్లలో సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్స్‌లో వీళ్లు తప్పకుండా ఉంటారు. సేల్ ఆఖరి రోజు మధ్యాహ్నం వెళ్తే చాలాచోట్ల సగం ధరకే ఇచ్చేస్తారు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఒకే మనిషి దగ్గర నాలుగైదు కలిపి తీసుకో, లేకపోతే రికార్డు కంటే పోస్టేజీ ఎక్కువవుతుంది. వేసి విన్నారా, చూసి చెప్తున్నారా అని ముందు ఒక మెసేజ్ పెట్టి అడుగు. ఊరికే చూసి, రికార్డు ఎంత బాగుందో గ్రేడ్ ఇచ్చేవాళ్లే ఎక్కువ.

కొన్నవన్నీ ఒకే రాత్రి వేసేసుకోకు. నేను వారానికి ఒక్కటే వేసేదాన్ని, ఎందుకంటే ఇంకోటి ఉండేది కాదు. సారా వాన్ పాడిన ఒక రికార్డు అలా నెలన్నర విన్నాను. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాట దగ్గర గొంతు కిందికి జారుస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. ఆవిడా న్యూవార్కే, చర్చిలో పాడుతూ పెరిగింది. ఇప్పుడు ఇంట్లో ఆరొందల రికార్డులున్నాయి. అంతగా తెలిసినవి మాత్రం ఆ మొదటి ఇరవయ్యే.

నీకు నాలుగో క్లాసులో మెన్లో పార్క్ మ్యూజియంకి తీసుకెళ్లారు, మన ఇంటికి పది నిమిషాలు. 1877లో ఎడిసన్ మాటని మొదటిసారి రేకు మీద పట్టింది అక్కడేనని ఇంటికొచ్చి నాకు చెప్పావు. చెప్తూ నోటితో ఆ గరగర చప్పుడు కూడా చేశావు. నాకు నిన్ననే జరిగినట్టుంది.

పన్నెండు రికార్డులు రేపు పోస్టాఫీసు వాళ్ల మీడియా మెయిల్‌లో వేస్తున్నాను. చవకగా వెళ్తుంది కానీ నిదానం, అందుకే ఈ ఉత్తరం ముందు వస్తుంది. 'టైమ్ అవుట్' అందులో ఉంది, ఆ పెద్దాయన ఇచ్చిందే. అట్ట కింది అంచు చీలింది, టేపు వేయకు. చలిలో వచ్చిన డబ్బా కాబట్టి రాగానే ప్లేయర్ ఎక్కించకుండా ఒక రాత్రి గదిలో ఉంచు. నిలువుగా పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. హీటర్ పక్కన అసలే వద్దు. ఒకసారి జూలైలో కారు డిక్కీలో మర్చిపోయి తొమ్మిది రికార్డులు అప్పడాల్లా చేసుకున్నాను, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కొత్త ముల్లు వేయించాకే వాటిని వెయ్. ముందు మూడో పాట పెట్టి ఫోన్ చెయ్యి, ఇక్కడ నేనూ తాళం వేస్తాను.

అమ్మ