ర్యాంపు బిల్లు పాస్ చేసే ముందు నాలుగడుగుల బద్ద పెట్టి చూడండి

తెలంగాణ పురపాలక పరిపాలన కమిషనర్, డైరెక్టర్ గారికి నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల దివ్యాంగులు, వారి కుటుంబసభ్యులు, ఈ పనులు తెలిసిన మేస్త్రీలు, విశ్రాంత ఇంజినీర్లు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయ కమిషనర్ గారూ,

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల... మా వైపు ఏ పట్టణం తీసుకున్నా మున్సిపాలిటీ కట్టిన భవనాలకు ఇప్పుడు ర్యాంపులు కనిపిస్తున్నాయి. పబ్లిక్ టాయిలెట్ల మీద వీల్‌చైర్ బొమ్మ కూడా ఉంటోంది. కాబట్టి ర్యాంపు లేదని మేం రాయడం లేదు. ఉన్న ర్యాంపు ఎక్కలేకపోతున్నాం, ఉన్న టాయిలెట్‌లోకి పోలేకపోతున్నాం అని రాస్తున్నాం. డబ్బు ఖర్చయింది, పని మాత్రం కాలేదు. తప్పు జరిగేది ఎస్టిమేట్ రాసే చోట, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నింపే చోట. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం. కొలత నమోదు కాకుండా ఫైనల్ బిల్లు కట్టొద్దని మీరొక సర్క్యులర్ ఇస్తే రాష్ట్రంలోని మున్సిపాలిటీలన్నింటికీ వర్తిస్తుంది. ఏ ఆఫీసునూ పేరు పెట్టి తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

ముందుగా ర్యాంపు సంగతి. వాలు 1:12 దాటకూడదన్నది నియమం. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మామూలు వార్డు ఆఫీసుకు మూడు మెట్లుంటాయి, అంటే సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు. దానికి 5.4 మీటర్ల ర్యాంపు పడాలి. కానీ ఎస్టిమేట్‌లో "ర్యాంపు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. పొడవూ ఉండదు, వాలూ ఉండదు. మేస్త్రి వచ్చి చూస్తే గుమ్మానికీ మోరీకీ మధ్య మిగిలిన జాగా రెండు మీటర్లు. ఆ రెండు మీటర్లలోనే కాంక్రీటు పోసేస్తాడు. వాలు 1:4 దాకా పోతుంది. దాని మీద వెనక నుంచి ఒకరు నెట్టినా వీల్‌చైర్ ముందు చక్రాలు లేస్తాయి, మనిషి వెల్లకిలా పడే ప్రమాదం ఉంటుంది. దిగేటప్పుడు ఇంకా కష్టం, బండి నేరుగా రోడ్డు మీదికి జారుతుంది.

జాగా లేదన్న మాట చాలాచోట్ల నిజం కాదు. గుమ్మానికి ఎదురుగా లేకపోవచ్చు, గోడ వెంబడి ఉంటుంది. ర్యాంపును గోడ పక్కగా తీసుకుపోయి, మలుపు దగ్గర 1.5 మీటర్లు పొడవు, 1.5 మీటర్లు వెడల్పున్న చదును వేసి వెనక్కి తిప్పితే సరిపోతుంది. పాత భవనాల్లో అరుగు 90 సెంటీమీటర్లు ఉంటే ర్యాంపు 10.8 మీటర్లు అవుతుంది. అంత పొడవు ఒక్క ఊపున ఎక్కడం ఎవరివల్లా కాదు కాబట్టి మధ్యలో ఒక చదును తప్పనిసరి. పైన తలుపు ముందు కూడా అంతే చదును ఉండాలి. లేకపోతే ఒక చేత్తో చక్రం పట్టుకుని ఇంకో చేత్తో తలుపు లాగాల్సి వస్తుంది, బండి వెనక్కి పోతుంది.

వాలు సరిగా ఉందో లేదో తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మేస్త్రి దగ్గరుండే నాలుగడుగుల అల్యూమినియం బద్ద, రసమట్టం, టేపు చాలు. బద్ద ఒక కొసను ర్యాంపు మీద ఆనించి, కింది వైపు కొసను మట్టం కుదిరేదాకా పైకెత్తాలి. ఆ కొస కింద ఉన్న సందును టేపుతో కొలవాలి. నాలుగంగుళాలు, ఆ లోపు ఉంటే వాలు సరైందే. ఐదు, ఆరు ఉంటే పగలగొట్టి మళ్లీ పోయాల్సిందే. కింద, మధ్యలో, పైన మూడు చోట్ల చూడాలి, ఎందుకంటే పైన పొడవు చాలక చివరి రెండడుగుల్లో నిటారుగా లేపేసిన ర్యాంపులు ఎన్నో ఉన్నాయి. మొత్తం మీద పది నిమిషాల పని. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు ఈ మూడు కొలతలూ ఎం-బుక్‌లో రాసి, బద్ద, రసమట్టం, టేపు కనిపించేలా ఫొటో జతచేయాలి. మేం అడుగుతున్న వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ర్యాంపు ఉపరితలం కూడా చూడాలి. ప్రారంభోత్సవానికి మెరవాలని పాలిష్ గ్రానైట్ వేస్తారు, తొలి వానకే జారుతుంది. జారకుండా ఉండాలని ఇంకొందరు బైకుల కోసం వేసినట్టు లోతైన అడ్డగీతలు కొడతారు. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, ప్రతి గీతలోనూ దిగబడతాయి, నడుం అదిరిపోతుంది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో అడ్డంగా గీస్తే చాలు, ఖర్చు కూడా లేదు. మోరీ మీద వేసే జాలీ కంతలు నడిచే దిక్కుకు అడ్డంగా ఉండాలి, 12 మిల్లీమీటర్లు దాటకూడదు. మా ఊళ్లలో వేసే ఇనుప చువ్వల జాలీ సందులో చక్రమే కాదు, ఊతకర్ర కొస కూడా ఇరుక్కుంటుంది. ఇక సీసీ రోడ్డు. పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే అంచు దగ్గర గడపలాంటిది తయారవుతుంది. అంతకుముందు బాగున్న ర్యాంపు కూడా ఆ రోజు నుంచి పనికిరాదు. రోడ్డు పని చేసే కాంట్రాక్టరే ఆ అతుకును సరిచేయాలని టెండరులోనే రాయాలి.

ర్యాంపుకు చేతి పట్టాలు, అంటే పట్టుకుని నడిచే పైపులు, రెండు వైపులా, రెండు ఎత్తుల్లో ఉండాలి: 70 సెంటీమీటర్లకు ఒకటి, 90కి ఒకటి. పైపు 38 నుంచి 45 మిల్లీమీటర్ల మందం ఉంటే పిడికిలికి అందుతుంది. గోడకు 5 సెంటీమీటర్ల దూరం ఉండాలి, వాలు మొదలయ్యే చోటుకు, ముగిసే చోటుకు అవతల మరో 30 సెంటీమీటర్లు సాగాలి. ఎండ సంగతి కూడా ఆలోచించండి. మా వైపు మే నెల మధ్యాహ్నం స్టీలు పైపు మీద చెయ్యి పెట్టలేం. పైన రేకుల నీడైనా వేయాలి.

నల్గొండ జిల్లాకు ప్రత్యేకమైన విషయం ఒకటుంది. నియమాలు రాసేవాళ్లు ఎక్కువగా వీల్‌చైర్‌ను దృష్టిలో పెట్టుకుంటారు. మర్రిగూడ, చండూరు, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో చాలామంది వీల్‌చైర్ వాడరు. వెన్ను వంగిపోయి, మెడ బిగుసుకుపోయి, మోకాళ్లు వంగకుండా లేదా వంకరపోయి, కర్ర పట్టుకుని నడుస్తారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కొత్త తరానికి ముప్పు తగ్గింది, కానీ ఒకసారి బిగుసుకున్న వెన్ను మళ్లీ నిటారు కాదు. వీళ్లలో కొందరికి పొడవైన ర్యాంపు కన్నా, రెండు వైపులా పట్టా ఉన్న 15 సెంటీమీటర్ల మెట్లే నయం. అందుకని ర్యాంపు కట్టామని మెట్ల పట్టా తీసేయొద్దు, రెండూ ఉండాలి. మెడ ఎత్తలేని మనిషికి సజ్జ కింద వేలాడే బోర్డు కనపడదు. కౌంటర్ నంబరు, గది పేరు నేల నుంచి 1.2–1.5 మీటర్ల ఎత్తులో గోడకు ఉండాలి. టోకెన్ నంబరు తెర మీద వేయడంతోపాటు పైకి చదివి పిలవాలి. ఇది చూపులేనివారికీ అంతే అవసరం. సిమెంటు అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేవలేరు. 45 సెంటీమీటర్ల ఎత్తున, వెనక ఆనుకోవడానికి, పక్కన చేతులు ఆనించి లేవడానికి వీలున్న బెంచీలు కావాలి. నేలబారు టాయిలెట్ మీద కూర్చోవడం వీళ్లకు అసలే సాధ్యం కాదు.

టాయిలెట్ల విషయం కొంచెం వివరంగా రాయాలి, తప్పులు ఎక్కువ ఉన్నది ఇక్కడే. తలుపు లోపలికి తెరుచుకుంటే వీల్‌చైర్ లోపలికి పోయాక తలుపు పడదు. అందుకే బయటికి తెరుచుకోవాలి, ఖాళీ వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండాలి. లోపల బండి తిరగడానికి 1.5 మీటర్ల వ్యాసమున్న జాగా వదలాలి. కమోడ్ సీటు ఎత్తు 45–48 సెంటీమీటర్లు. కమోడ్‌ను గది మధ్యలో పెడితే గోడ పట్టా చేతికి అందదు. దాని మధ్యగీత పక్క గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, రెండో పక్క బండి నిలబెట్టుకోవడానికి ఖాళీ ఉండాలి, అటు పైకి మడిచే పట్టా బిగించాలి. పట్టాల దగ్గర జరిగే మోసం ఏమిటంటే, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు ప్లాస్టిక్ గుల్లలు కొట్టి స్క్రూలు బిగిస్తారు. ఒక మనిషి బరువంతా వేసి లేచేసరికి పట్టా గోడలోంచి ఊడి చేతిలోకి వస్తుంది. అసలు పట్టా లేకపోతే జాగ్రత్తగానైనా ఉంటాం, ఊడే పట్టా నడుం విరగ్గొడుతుంది. యాంకర్ ఫాస్టెనర్లు (గోడలో బిగుసుకునే ఇనుప బోల్టులు) వేయాలి, గోడ బలహీనంగా ఉంటే అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టు బిగించాలి. బిల్లుకు ముందు ఒక బరువైన మనిషి దానికి వేలాడి చూడాలి. నల్లా, గొళ్లెం కూర్చున్న చోటు నుంచి అందాలి. సింకు కింద స్తంభం ఉండకూడదు, ఉంటే మోకాళ్లు తగులుతాయి.

ఇన్నీ సరిగా కట్టిన చోట కూడా తాళం వేసి ఉంటుంది. లోపల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, చీపుర్లు. సామాన్లకు వేరే గది లేనందువల్లే ఇలా జరుగుతోంది. అందుకని ప్రతి టాయిలెట్ బ్లాకు ప్లానులో ఒక చిన్న సామాన్ల గది పెట్టమని కోరుతున్నాం. తాళం తప్పదనుకుంటే అది ఎవరి దగ్గరుందో, ఆ ఫోన్ నంబరు తలుపు మీద రాయించండి.

ఫుట్‌పాత్‌ల మీద వేసే పసుపు టైల్స్‌కు ఒక భాష ఉంది. పొడుగు గీతల టైల్ అంటే ముందుకు నడవమని, చుక్కల టైల్ అంటే ఆగి చూసుకోమని. చాలాచోట్ల చుక్కల టైల్స్‌ను అందానికి వరసగా పరిచేశారు. గీతల టైల్ నేరుగా కరెంటు స్తంభానికో చెట్టుకో తీసుకెళ్తుంది. ఇలా వేసేకన్నా వేయకపోవడమే మేలు. క్లాక్ టవర్ లాంటి రద్దీ కూడళ్లలో బైకులు ఎక్కకుండా పాతే పొట్టి స్తంభాల మధ్య 90 సెంటీమీటర్లకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. చేత్తో తిప్పే ట్రైసైకిల్, పక్క చక్రాల స్కూటీ పోయే చోట అది కూడా చాలదు, ఒక్క చోటైనా ఎక్కువ వదలాలి.

వార్డు నోటీసులు, పన్ను నోటీసులు పాత డీటీపీ ఫాంట్లలో కొట్టి, ఫొటో తీసి పెడుతున్నారు. చూపులేనివారి ఫోన్ ఆ ఫొటోను చదవలేదు. యూనికోడ్‌లో టైప్ చేసి పెడితే చదువుతుంది. వినిపించనివారికి ఫిర్యాదు నంబరుతోపాటు వాట్సాప్ కూడా ఉండాలి.

చట్టం గురించి మీకు మేం చెప్పనక్కర్లేదు గానీ, కింది స్థాయిలో తెలియనివాళ్లు ఉన్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దానిలోని 45వ సెక్షన్ ప్రకారం పాత ప్రభుత్వ భవనాలన్నీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో మారాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, ఆ గడువు 2022లోనే అయిపోయింది. 44వ సెక్షన్ ప్రకారం ఈ ప్రమాణాలు లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, లేని భవనానికి పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. అంటే ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు ఆసుపత్రులు కూడా మీ టౌన్ ప్లానింగ్ సిబ్బంది చేతిలోనే ఉన్నాయి. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో చెప్పింది.

సర్క్యులర్‌లో ఉండాల్సినవి ఇవి. ఎస్టిమేట్‌లో ర్యాంపు పొడవు, ఎత్తు, వాలు విడివిడిగా రాయాలి. టాయిలెట్‌కు డ్రాయింగ్ జతచేయాలి. పని పూర్తయ్యాక కొలత రోజున ఆ వార్డులో వీల్‌చైర్ లేదా ట్రైసైకిల్ వాడేవారిని ఒకరిని, చూపులేనివారిని ఒకరిని, కర్ర మీద నడిచే పెద్దవారిని ఒకరిని పిలవాలి. వాళ్లు ఎక్కి, దిగి, టాయిలెట్‌లోకి పోయి వచ్చాక సంతకమో వేలిముద్రో పెట్టాలి. వాళ్లకు ఆ రోజు కూలి, ఆటో ఖర్చు ఇవ్వాలి, ఉచితంగా రమ్మనడం న్యాయం కాదు. ఊడిన పట్టా, పగిలిన అంచు బాగుచేసేదాకా కాంట్రాక్టర్ డిపాజిట్ వెనక్కి ఇవ్వొద్దు.

అన్నీ ఒకేసారి కావని మాకు తెలుసు. ముందు జనన మరణ ధ్రువపత్రాలు, పన్నుల కౌంటర్లున్న భవనాలు, ఆ తర్వాత బస్టాండ్లు, ఆసుపత్రుల దగ్గరి టాయిలెట్లు తీసుకోండి. పోలింగ్ రోజు వీల్‌చైర్లు, తాత్కాలిక ర్యాంపులు రాత్రికి రాత్రి వస్తున్నాయి కాబట్టి ఇది చేతకాని పనేమీ కాదు. ఏ భవనాన్ని ఎప్పుడు కొలుస్తారో వారం ముందు వార్డు ఆఫీసులో నోటీసు పెట్టించండి, మేం వస్తాం.

ఇట్లు,
నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల దివ్యాంగులు, కుటుంబసభ్యులు, మేస్త్రీలు, విశ్రాంత ఇంజినీర్లు