నాది కాని రిట్రాక్టెడ్ పేపర్‌ని నా ప్రొఫైల్‌లోంచి తీసేయమని ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి,

నమస్కారం అండి. నేను క్యాన్సర్ జీనోమిక్స్‌లో, అంటే ట్యూమర్ల డీఎన్ఏ మీద, రీసెర్చ్ చేస్తాను. ఏ పేపర్‌ని ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారో లెక్కపెట్టే మీ సైటేషన్ డేటాబేస్‌లో నా పేరు మీదున్న ఆథర్ ప్రొఫైల్ గురించి ఇంతకుముందు కూడా రాశాను, రాసిన ప్రతిసారీ ఒక ఆటోమేటిక్ మెయిల్ రావడం, కొన్నాళ్ళకి మీ రిక్వెస్ట్ క్లోజ్ చేశాం అని ఇంకోటి రావడం, ప్రొఫైల్ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉండటం. అందుకే ఈసారి అంతా వివరంగా రాస్తున్నా, దయచేసి మనిషెవరైనా చదవండి.

ముందు ఆ రిట్రాక్ట్ అయిన పేపర్ సంగతి. నా ఇంటిపేరు, నా ఇనిషియలే ఉన్న ఇంకో రీసెర్చర్ ఉన్నారు, వాళ్ళ పని కాంక్రీట్ మీద, వాళ్ళకీ నాకూ ఏ సంబంధమూ లేదు. మీ సిస్టమ్ వాళ్ళ పేపర్లు కొన్ని తెచ్చి నా లిస్టులో కలిపేసింది, అందులో ఒకటి జర్నల్ వాళ్ళు వెనక్కి తీసుకున్న పేపర్. ఇప్పుడు నా పేరు కొడితే ట్యూమర్ సీక్వెన్సింగ్ పేపర్ల మధ్యలో సిమెంట్ పేపర్, దాని పక్కన రిట్రాక్టెడ్ అని ఎర్రగా కనిపిస్తోంది. గ్రాంట్ కమిటీలో ఉన్నవాళ్ళు ఆ ఎర్ర ముద్ర దగ్గరే ఆగిపోతారు గానీ, సబ్జెక్ట్ ఏంటి, ఇన్‌స్టిట్యూట్ ఏంటి అని ఎవరు తవ్వి చూస్తారు చెప్పండి? ఆ పేపర్లు తీసేస్తే నా సైటేషన్లు తగ్గుతాయని నాకు తెలుసు, తగ్గనివ్వండి, నాది కానిది నాకొద్దు. అవతలి మనిషికీ అన్యాయమే కదా, వాళ్ళు కష్టపడి రాసిన మంచి పేపర్లు కూడా నా ఖాతాలో పడి ఉన్నాయి.

ఇంకోటి, బయోఆర్కైవ్‌లో (జర్నల్‌లో రాకముందే పేపర్లని ప్రీప్రింట్‌లుగా పెట్టే సైట్) ముందు పెట్టి తర్వాత జర్నల్‌లో వేసిన పేపర్లు మీ దగ్గర రెండేసి రికార్డులుగా ఉన్నాయి. రీసెర్చర్లని కొలవడానికి వాడే హెచ్ ఇండెక్స్ అనే నంబర్ 20 కావాలంటే కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉండాలి, మరి 24 వచ్చిన పేపర్‌ని 13, 11గా విడగొడితే రెండూ లెక్కలోకి రావు.

అసలు బాధ కన్సార్టియం పేపర్లతో, అంటే చాలా ల్యాబ్‌లు ఒక గుంపుగా కలిసి రాసినవాటితో. మా ఫీల్డ్‌లో పెద్ద పనులు ఒక్క ల్యాబ్‌తో అయ్యేవి కావు. 2020 ఫిబ్రవరిలో నేచర్‌లో వచ్చిన పాన్ క్యాన్సర్ హోల్ జీనోమ్ పేపర్ చూడండి, 38 రకాల ట్యూమర్లు, 2,658 జీనోమ్‌లు, ఆథర్ దగ్గర కన్సార్టియం పేరు ఉంటుంది, మనుషుల పేర్లు లోపల లిస్టులో ఉంటాయి. మా కన్సార్టియం పేపర్‌దీ అదే పద్ధతి. ఆ లోపలి పేర్లు పబ్‌మెడ్ అనే మెడికల్ పేపర్ల డేటాబేస్‌లో కొలాబరేటర్లుగా కనిపిస్తాయి, మీ దగ్గర మాత్రం అసలు లేవు. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి ఆ పేపర్ కోసం ఫార్మలిన్‌లో దాచిన పాత టిష్యూల డేటా మీదే కూర్చుంది, అలాంటి టిష్యూలో డీఎన్ఏ పాడై సి అనే అక్షరం ఉన్నచోట మెషీన్ టి అని చదువుతుంది, దాన్ని మ్యుటేషన్ అనుకుంటే మొత్తం రిజల్టే తప్పు, అలాంటి దొంగ మ్యుటేషన్లన్నీ తను ఏరేసింది. తను లేకపోతే ఆ టేబుళ్ళు ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఇప్పుడు పోస్ట్‌డాక్‌కి అప్లై చేస్తుంటే మీ దగ్గరున్న తన ప్రొఫైల్‌లో ఆ పేపరే లేదు. నాకు నా నంబర్ కన్నా ఇదే ఎక్కువ కోపం తెప్పిస్తోంది.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లాంటి నంబర్లతో మనుషుల్ని కొలవొద్దని, రీసెర్చ్‌ని ఎలా అంచనా వేయాలో చెప్పే డోరా డిక్లరేషన్ వచ్చి చాలా ఏళ్ళయింది, అయినా కమిటీలు మీ పేజీయే తెరుస్తున్నాయి, ఇన్‌స్టిట్యూట్‌లు మీకే సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాయి. అలాంటప్పుడు అది సరిగ్గా ఉంచాల్సిన బాధ్యత మీదే కదండీ.

ఒక్కో రీసెర్చర్‌కి విడిగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ, నాది మీకు ఎప్పుడో ఇచ్చాను, ఏది నాదో దాంట్లోనే ఉంది. దాన్ని బట్టి కాంక్రీట్ పేపర్లు తీసేయండి, ప్రీప్రింట్‌లని జర్నల్ రికార్డులతో కలపండి, వచ్చే అప్‌డేట్‌లో మళ్ళీ కలిసిపోకుండా చూడండి. ఇది అయ్యేదాకా ప్రొఫైల్ పైన సవరణలో ఉంది అని ఒక లైన్ పెట్టండి. కన్సార్టియం పేర్లు ఎక్కించడం మీ పాలసీ కాదంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వండి, కమిటీలకి మేమే చూపించుకుంటాం. నా పేపర్ల డీఓఐ (ఒక్కో పేపర్‌కి ఉండే శాశ్వత గుర్తింపు కోడ్) లిస్టు, అవతలి వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ పేరు కనిపించే రిట్రాక్షన్ నోటీసు జతచేశాను. జవాబు ఇచ్చేవాళ్ళు తమ పేరుతో ఇవ్వండి, ఏదైనా అడగాలంటే ఎవర్ని అడగాలో మాకు తెలియాలి.