విద్యార్థుల రోబోల్లో గాలి పీడనంతో జాగ్రత్త అవసరం

సంపాదకులకు,

అయ్యా,

ఆసియా-పసిఫిక్ ప్రసార సంస్థల సంఘం నిర్వహించే విద్యార్థుల రోబో పోటీ అయిన ఏబీయూ రోబోకాన్‌కు, దూరదర్శన్ ఆధ్వర్యంలో జరిగే దాని జాతీయ పోటీలకు మన ఇంజినీరింగ్ విద్యార్థులు తయారుచేసే రోబోల్లో, వస్తువులను విసరడానికీ పట్టుకోవడానికీ న్యూమాటిక్ సిలిండర్లను, అంటే ట్యాంకులో నింపిన గాలి పీడనంతో కదిలే సాధనాలను వాడుతుంటారు. తక్కువ బరువుతో క్షణంలో పెద్ద బలాన్నిచ్చే సాధనం కనుక అది సరైన ఎంపికే. 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్ 6 బార్ల (వాతావరణ పీడనానికి దాదాపు ఆరు రెట్లు) పీడనం వద్ద దాదాపు 49 కిలోల బలంతో తోస్తుంది. అయితే బ్యాటరీ స్విచ్ ఆపేస్తే మోటారు ఆగుతుంది గానీ, ట్యాంకులోని గాలి ఎక్కడికీ పోదు. సిలిండర్‌లోకి గాలిని విద్యుత్తుతో వదిలే సోలెనాయిడ్ వాల్వుపై ఉండే చిన్న మీటకు పొరపాటున వేలు తగిలితే చాలు, అప్పుడే గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే రోబో భాగం) మధ్య చెయ్యి పెట్టిన విద్యార్థి వేళ్లు నలిగిపోతాయి. ఇక ట్యాంకులుగా శీతల పానీయాల ప్లాస్టిక్ సీసాలను వాడే జట్లను చూస్తే నాకు మరింత ఆందోళన కలుగుతుంది. గీతలు పడి, ఎండకు పెళుసుబారిన సీసా ఆ పీడనంలో పగిలితే కంటిచూపే పోవచ్చు. ట్యాంకును ముందుగా నీటితో నింపి పీడన పరీక్ష చేయడం, గాలిని ఒక్కసారిగా బయటకు వదిలే చేతి వాల్వును అందుబాటులో అమర్చడం, రక్షణ కళ్లద్దాలు ధరించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. రోబో ప్రాజెక్టులకు నిధులు మంజూరు చేసే ముందు కళాశాలలు వీటిని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

— మెకానికల్ విభాగ అధ్యాపకుడు, కాకినాడ