మా సంఘం వార్షిక నివేదిక: రాత్రి బడి సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్‌లో చూసే ఉంటారు. ఈ ఏడాది కార్యవర్గం టైమంతా మింగేసింది మాత్రం ఒడిశాలోని మన పర్లాకిమిడిలో పెద్దలకు పెట్టిన రాత్రి బడే.

వానలకు ముందు మొదలుపెట్టినప్పుడు చాపలు చాలలేదు. ఊడ్పులు వచ్చేసరికి సగం చాపలు చుట్టి మూల పెట్టాం. పనులయ్యాక వస్తారులే అనుకున్నాం, రాలేదు. ఇళ్లకు వెళ్లి అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే మాట: ‘‘మా బుర్రకి ఎక్కదు బాబూ.’’ మేమూ నమ్మేశాం.

ఒకామె బియ్యంలో రాళ్లు ఏరుతూ చేటని చేయి చాచినంత దూరం పట్టుకోవడం చూశాక గానీ మాకు వెలగలేదు. చత్వారం! నలభై దాటితే దగ్గరి చూపు తగ్గుతుందని మనందరికీ తెలుసు. పలక చేతికిచ్చినప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. చందాల్లో మిగిలిన డబ్బుతో కళ్లు పరీక్ష చేయించి అద్దాలు కొన్నాం. ‘అ’కీ ‘ఆ’కీ తేడా పట్టలేనామె ఇప్పుడు బియ్యం బస్తా మీద అచ్చు కూడబలుక్కుంటోంది.

హాజరు దగ్గరా తప్పు మాదే. నాలుగు రోజులు మానినవాళ్లని ‘‘ఏమ్మా, దారి మర్చిపోయావా’’ అని అందరి ముందూ సరదాకి అనేవాళ్లం. మనవడి వయసు కుర్రాడు అలా అంటే ఏ పెద్దమ్మ మళ్లీ వస్తుంది? ఇప్పుడు హాజరు పైకి చదవడం లేదు. మానినవాళ్లింటికి పక్కింటి చదువరే వెళ్లి ఆ రోజు పాఠం చెప్పి వస్తుంది. జీడిపిక్కలు కొట్టేవాళ్లు రాత్రికి అలిసిపోతున్నారని వాళ్లకి మధ్యాహ్నం పెట్టాం.

ఏ అక్షరాలు నేర్పాలన్నదాని మీద కార్యవర్గంలో గట్టి గొడవే అయింది. ఇంట్లో మాట తెలుగు. బస్సు బోర్డూ, పట్టా కాగితమూ, మనవల పుస్తకమూ ఒడియా. ‘‘తెలుగు సంఘం బడిలో ఒడియా ఏంటి’’ అని కొందరు సభ్యులు ఇంకా అలిగే ఉన్నారు. కానీ సవర గిరిజన పిల్లలకు సవరలోనే చెప్పాలని ఆ భాష నేర్చుకున్న గిడుగు వారు 1880లో పంతులుగా చేరింది ఈ ఊరి బడిలోనే. ఏటా ఆయన పటానికి దండ వేస్తూ, చదువుకునేవాళ్లకి ఏం కావాలో అడక్కుండానే తెలుగు వాచకాలు కొనేశాం. ఇప్పుడు ఎవరికి ఏది ముందు కావాలంటే అదే. అ ఆలు, క ఖ గ ఘల వరస రెండింటికీ ఒకటే కాబట్టి ఒకటి పట్టుబడితే రెండోది అంత కష్టం కావడం లేదు.

కేంద్రం 2022లో తెచ్చిన ఉల్లాస్ అక్షరాస్యతా కార్యక్రమం పదిహేనేళ్లు నిండిన చదువురానివాళ్ల కోసం. దాని పరీక్ష 150 మార్కులకి: చదవడం, రాయడం, లెక్కలు, తలా 50. చదువరులకి లెక్కల టెన్షన్ లేదు, కూలి లెక్కలు నోటితోనే కట్టేస్తారు. రాయడం అంటేనే చేయి వణుకుతోంది.

ఊడ్పుల నెలలో బడి ఆపాలా, పొలం గట్టుకే తీసుకెళ్లాలా అన్నది తేలలేదు. సర్వసభ్య సమావేశంలో మీరే చెప్పండి. అద్దాల బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.