మీ టీచరుగారు తప్పిపోయిన రోజు

చిక్కడపల్లి,
ఆదివారం, మధ్యాహ్నం.

ఒరేయ్,

నీ మెయిలు వచ్చి ఎన్నాళ్లయిందో లెక్క తీయకు. ఆలస్యానికి క్షమించు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నువ్వు నవ్వడం మొదలుపెడతావు, అసలు సంగతి నన్ను చెప్పనివ్వవు. అందుకే కూర్చుని రాస్తున్నా.

పొడి కబుర్లు ముందు పడేస్తా. నాకు కోఠీ బ్రాంచికి బదిలీ అయింది. మణికొండ ఖాళీ చేసి చిక్కడపల్లిలో అద్దెకి దిగాం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. చిన్నది తొమ్మిదిలోకి వచ్చింది, నీ పాత సంతకం చూసి పడీ పడీ నవ్వింది. మా ఆవిడ కులాసా. నువ్వు పంపిన విటమిన్లు అందాయి. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మీ టీచరుగారు, అదే మా అమ్మ, తప్పిపోయారు!

కంగారు పడకు, దొరికింది. కానీ ఎక్కడ దొరికిందో, ఎలా దొరికిందో, అది నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

మణికొండలో అమ్మ ఎలా ఉండేదో నీకు తెలుసుగా. నాన్న పోయాక తెనాలి నుంచి తీసుకొచ్చి పద్నాలుగో అంతస్తులో పెట్టాను. స్విమ్మింగ్ పూలుంది, జిమ్ముంది, కింద తిరగడానికి చుట్టూ టైల్స్ పరిచిన బాట ఉంది. కొత్తిమీర కట్ట కావాలంటే మాత్రం యాప్‌లో నొక్కాలి. గేటు దాటితే ఆరు వరసల రోడ్డు, దాటే చోటే లేదు. వారం తిరక్కుండా "ఇక్కడ కాళ్లకి పనేం లేదురా, నన్ను బస్సెక్కించు" అంది. ఆవిడ తిండి తగ్గిందని బాధపడ్డాను గానీ, మాట తగ్గిందని చాలా ఆలస్యంగా గమనించాను. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి "ఊ", "ఆ", "వద్దు"లతో సరిపెట్టేసేది.

ఇక్కడికొచ్చాక మొదటి రోజే చెప్పులేసుకుని దిగిపోయింది. దిగితే ఏముంది అంటావా? అంతా ఉందిరా. మెట్లు దిగగానే ఇస్త్రీ బండి, దాని పక్కన పూలమ్మే ఆవిడ, మలుపులో ఇడ్లీ బండి, కిరాణా కొట్టు, మందుల షాపు, వేంకటేశ్వరస్వామి గుడి, సాయంత్రమైతే త్యాగరాయ గానసభలో ఏదో ఒక కచేరీ, సభ, సన్మానం, నాటకం. నువ్వు 2018లో వచ్చినప్పుడు మెట్రోకి స్తంభాలే చూశావు. 2020 ఫిబ్రవరిలో రైలు మొదలైంది. చిక్కడపల్లిలో ఎక్కితే నారాయణగూడ, తర్వాత సుల్తాన్ బజార్, దిగి నడిస్తే మా బ్యాంకు. కారు కింద దుమ్ము పట్టి ఉంది. అమ్మేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు, తెనాలి ప్రయాణాలకి కావాలంటుంది.

అలాగని ఇదేదో స్వర్గమని చెప్పను. ఫుట్‌పాత్ ఉందనే మాట గానీ దాని మీద ట్రాన్స్‌ఫార్మరుంది, పార్క్ చేసిన బళ్లున్నాయి, ఒక చోట పలకలు లేచిపోయి కింద మురుగు కనిపిస్తుంది. పది అడుగులకోసారి రోడ్డు మీదకి దిగి నడవాలి. హుస్సేన్ సాగర్ నుంచి వచ్చే నాలా అశోక్ నగర్ పక్కగా పోతుంది, ఎండాకాలం సాయంత్రాలు ఆ వాసనకి కిటికీ మూసుకోవాల్సిందే. గట్టి వాన పడితే నాలా పక్క బస్తీల వాళ్లు రాత్రంతా మేలుకుని నీళ్ల మట్టం చూసుకుంటారు, అది నిజంగా బాధ. పెద్ద హీరో సినిమా వచ్చిందంటే సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల దగ్గర తెల్లారకముందే టపాసులు. ధర్నా చౌక్‌లో మైకు గట్టిగా పెడితే నినాదాలు మా వంటింట్లోకి వినిపిస్తాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఇప్పుడు పైన కొత్త స్టీల్ బ్రిడ్జి (2023 ఆగస్టులో తెరిచారు), దాని కింద మెట్రో, ఆ కింద రోడ్డు. మూడంతస్తుల్లో వాహనాలకి బాగానే ఆలోచించారు. రోడ్డు దాటే ముసలివాళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, దీని మీద నాకు నిజంగా కోపం. ఈ కోపం ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నా భయమంతా అదే.

నాలుగో శనివారం, బ్యాంకుకి సెలవు. మా ఆవిడ, చిన్నది స్కూలుకెళ్లారు. అమ్మ ఏడింటికి గుడికని వెళ్లింది. తొమ్మిదిన్నరైంది, రాలేదు. పదిన్నరైంది. ఫోన్ చేస్తే టీవీ పక్కన చార్జింగులో మోగుతోంది. చెప్పులేసుకుని మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు. ఆ లేచిపోయిన పలకలే కళ్ల ముందు.

ఇస్త్రీ బండాయన్ని అడిగాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టకుండానే, "పెద్దమ్మనా సార్? పొద్దుగాల్నే పోయింది గుడికి, నా తాన నిలబడి బిడ్డ పెండ్లి ముచ్చట అడిగింది" అన్నాడు. ఆయన కూతురి పెళ్లి కుదిరిందని నాకు తెలీదురా, రోజూ చొక్కాలిస్తాను. పూలావిడ దగ్గరికి పోతే, "కనకాంబరాలు తీస్కుంది, చిల్లర లేకుంటే రేపిస్తనన్నది. పరేషాన్ గాకుండ్రి, గుడికాంచి కూరగాయల బండి దిక్కు పోయింది." కూరగాయలాయన: "దొండకాయలు అరకిలో, మునక్కాడలు ముదిరినయని తిట్టి పోయిందమ్మా." (నన్ను చూస్తూ "అమ్మా" ఎందుకన్నాడో అడగకు, అందరినీ అలాగే అంటాడు.) పంక్చర్ షాపు భాయ్ అయితే నేను అడక్కముందే చెయ్యి చాపి చూపించాడు, "అమ్మాజీ ఉధర్ గయే."

అప్పటికి నా గుండె దడ కొంచెం తగ్గింది. ఎందుకో ఆలోచిస్తే, ఆ వీధిలో ఒక్కడు కూడా "ఎవరావిడ?" అని అడగలేదు. గుర్తులు చెప్పే పనే పడలేదు. మణికొండలో మా అంతస్తులో ఎదురు ఫ్లాటాయన పేరు చివరిదాకా... సరే, అది వదిలెయ్.

తర్వాత జిరాక్స్ షాపు. ఇక్కడ జిరాక్స్ షాపులంటే నీకు ఐడియా ఉందా? అశోక్ నగర్ అంతా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు. గ్రూప్స్, ఎస్సై, టెట్, డీఎస్సీ, ఏ షాపు ముందు చూసినా మెటీరియల్ గుట్టలే. ఆ షాపు కుర్రాడు, "టీచరమ్మనా? లైబ్రరీల ఉన్నది సార్, జల్దీ పోండ్రి, క్లాస్ అయిపోతది" అన్నాడు.

క్లాసేంటి?!

సిటీ సెంట్రల్ లైబ్రరీ నువ్వు చూడలేదు. లోపల చోటు చాలక పిల్లలు ఆవరణలో చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని చదువుతారు. ఒళ్లో పరీక్ష అట్ట, కుర్చీ కాలి దగ్గర నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, ఒక్కొక్కరు ఏళ్ల తరబడి. గేటు ఇవతల ఉండగానే వినిపించిందిరా. ఆ గొంతు! మన ఎనిమిదో తరగతి ‘బి’ సెక్షన్ గొంతు. వరండా చివరి గది దాకా వినిపించే గొంతు. నాన్న పోయాక నేను ఆ గొంతు వినలేదు. గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపలికి వెళ్లడానికి కాసేపు కాళ్లు రాలేదు, నీతో చెప్పడానికి నాకేం సిగ్గు?

జరిగిందేమిటంటే, లైబ్రరీ గోడ పక్కన నడుస్తుంటే ఒకమ్మాయి సంధులు పైకి బట్టీ పడుతూ వినిపించిందట, గసడదవాదేశం తప్పు చెప్పిందట. ఇక ఆగుతుందా ఈవిడ? గేట్లోంచి లోపలికి పోయి, "అమ్మాయ్, బట్టీ కాదు, ఇటు చూడు" అని సంచి తీసి చూపించిందట. నేను వెళ్లేసరికి ఇరవై మంది దాకా చుట్టూ ఉన్నారు. నేను కళ్లారా చూసింది చెబుతా. ఎడం చేతిలో దొండకాయల సంచి ఎత్తి పట్టుకుంది, కుడిచేత్తో గాల్లో అక్షరాలు రాస్తోంది. "ఇందులో ఏమున్నాయి? కూరగాయలు. కూర, కాయ. కాయలోని ‘క’ ఏమైంది? ‘గ’ అయింది. ఇప్పుడు నీ కాళ్లూ చేతులూ చూపించు. కాలు, చేయి, కాలుసేతులు. ‘చ’ పోయి ‘స’ వచ్చింది. మిమ్మల్ని ఇక్కడికి పంపి ఊళ్లో ఎదురుచూసే వాళ్లెవరు? తల్లి, తండ్రి, తల్లిదండ్రులు. ‘త’ పోయి ‘ద’. వాళ్లుండేదెక్కడ? ఊరు, పల్లె, ఊరువల్లెలు. ‘ప’కి ‘వ’. మిగిలింది ‘ట’, అది ‘డ’ అవుతుంది, టక్కుడెక్కులు. అవి మీకొద్దు." పిల్లలు ఒక్కసారి నవ్వేశారు. తల్లిదండ్రులన్నప్పుడు మాత్రం వెనక నిలబడ్డ ఒక కుర్రాడు తల దించేసుకున్నాడు. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు, వెళ్లేటప్పుడు వాడి భుజం తట్టింది.

నన్ను చూసి ఏమందో తెలుసా? "వచ్చావా, కూర్చో." నీ మీద ఒట్టు, నేను కూర్చున్నాను.

ద్విగు సమాసం దగ్గరికొచ్చేసరికి, బళ్లో నువ్వు చెప్పిన ఆ తిక్క జవాబు చెప్పింది! పేరు చెప్పలేదులే, "మా తెనాల్లో ఒక మహానుభావుడు" అంది. అంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అమెరికాలో ఉన్నవాడి పరువు చిక్కడపల్లిలో పోయింది. పైగా ఇంటికొచ్చాక, "వాడు మంచివాడురా, ఆ జవాబులో కూడా ఒక ఆలోచనుంది" అంది. రాసిపెట్టుకో, ఇలాంటి మెప్పు మళ్లీ రాదు.

తిరిగొచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు దాటించడానికి ఇద్దరమ్మాయిలు చెరో పక్కా వచ్చారు. ఒకమ్మాయి బస్సుకే చెయ్యి అడ్డం పెట్టింది. నా కొడుకుతనం అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇంటికొచ్చేదాకా ఇస్త్రీ ఆయన, పూలావిడ, అందరూ "దొరికిందా సార్?" అని. అమ్మకి కోపం వచ్చింది: "నేను తప్పిపోయానని ఊరంతా చాటావా?"

ఇప్పుడు రోజూ పదింటికి వెళ్తోంది. ఆవిడ కోసం చేతుల కుర్చీ ఒకటి చెట్టు కింద ఉంచుతున్నారు. మునక్కాడలాయన కూతురు కూడా టెట్ రాస్తోందట, ఆ అమ్మాయీ వస్తోంది. మోకాళ్ల నొప్పి పోలేదు, మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులో ఆగుతుంది. అయినా రాత్రి భోజనాల దగ్గర మమ్మల్నెవర్నీ మాట్లాడనివ్వడం లేదు. ఆ మాటలు వింటూ చిన్నది అన్నం కలపడం మర్చిపోతోంది.

నువ్వడిగిన కోకాపేట ఫ్లాటు గురించి. ధర సంగతి నాకు తెలీదు, బ్యాంకు మనిషిగా అడిగితే లోను లెక్కలు వేరే పంపిస్తా. కానీ కొనేముందు ఒకసారి వచ్చి, మీ అమ్మగారిని తీసుకెళ్లి, ఆ గేటు బయటికి నడిపించి చూడు. నిన్న ఫోన్లో అన్నావే, పాల పేకెట్టుకి కూడా కారు తీయాల్సొస్తోందని, మీ ఫ్రిస్కోలో ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంటున్నారని... ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది, అందుకే ఫోన్ పెట్టేశాను. దాని గురించి ఇంకా రాయాలి. వేసవికి ఆవిడని ఒక నెల మా దగ్గరికి పంపకూడదూ? మెట్లొక్కటే ఇబ్బంది, ముందు గదిలో మంచం వేద్దాం, అమ్మ

అదిగో, కింద నుంచి కేక. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారుగా, పిల్లల కోసం వ్యాకరణం పుస్తకాలు ఏరాలట. సాయంత్రమైతే మంచివి పోతాయని పదింటి నుంచీ పోరు. అప్పుడే ఇస్త్రీ ఆయనతో నా మీద ఫిర్యాదు మొదలైంది, వినిపిస్తోంది. వెళ్తున్నా. మీ అమ్మగారి సంగతి రాయి, ముందు అది రాయి,

నీ
మూడో బెంచీ