కోడిపోరుకు మూడు మార్కులు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో, ఒక ప్రైవేటు బడిలో పిల్లలచేత ఇంగ్లీషు క్లాసులో పాతకాలపు జానపద బ్యాలడ్లు, అంటే కథ చెప్పే పాటలు, చదివించి, సొంతంగా రాయిస్తున్నారని ఫొటోతో సహా వేశారు. సంతోషం. మా మనవడు ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. ఫొటోకి ఎక్కని సంగతొకటి ఉంది.

అందులో లార్డ్ రాండల్ అనే బ్యాలడ్ పాఠం వాడికి భలే నచ్చింది. అడవినుంచి వచ్చిన కొడుకును తల్లి ఒక్కొక్కటే అడుగుతుంటే, ప్రియురాలు విషం పెట్టిన సంగతి ఆ జవాబుల్లోనే బయటపడుతుంది. చరణం చరణానికీ అదే పల్లవి. "తాతయ్యా, ఇది బుర్రకథలాగే ఉందే" అన్నాడు. ఉండదా మరి! తర్వాత ఇంటిదగ్గర ఒకటి రాసుకు రమ్మన్నారు. వీడు పల్నాటి కోడిపందెం రాశాడు. నాగమ్మ, బ్రహ్మనాయుడు, పందెంలో ఓడి ఏడేళ్ల వలస, అంతా నాలుగేసి పాదాల్లో, రెండో పాదం చివరా నాలుగో పాదం చివరా ప్రాస కుదిర్చి మరీ. పదికి మూడొచ్చాయి. కింద ఎర్రసిరాతో, కోట ఉండాలట, గుర్రంమీద వీరుడుండాలట. పల్నాటి వీరులు ఆటోల్లో తిరిగారనుకున్నారు కాబోలు!

పల్నాడులోని కారెంపూడిలో ఏటా కార్తీకంలో అయిదురోజులు ఆ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అందులో ఒకరోజు పేరే కోడిపోరు. వీరవిద్యావంతులు ఆ కథలు ఇప్పటికీ పాడుతున్నారు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎవరికీ తీరికలేదు గానీ, విజయవాడ మాల్‌కి 'ఎడ్యుకేషనల్ టూర్' మాత్రం ఏటా ఉంటుంది, ఫీజు అదనం.

1874లోనే బాయిల్ అనే దొర సర్వాయి పాపడి పాటతోసహా తెలుగు వీరగాథలు ఇంగ్లీషులో అచ్చువేయించాడు. దొరకు పనికొచ్చినవి మన ఇంగ్లీషు క్లాసుకు పనికిరాకుండా పోయాయి.

అధికారులనూ అనాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథతోనే 1986లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి కళ మన కార్యాలయాలకు ఎప్పుడు గుర్తొస్తుందయ్యా అంటే, పథకాలకు ప్రచారం కావాల్సినప్పుడు. కథకుడు తంబురా మీటుతూ, అటూ ఇటూ వంతలు డక్కీలు వాయిస్తూ మరుగుదొడ్డి మహత్యం పాడుతుంటే, వేదికమీది పెద్దలు సెల్‌ఫోన్లలో తలదూర్చి ఉంటారు.

టీచరమ్మమీద నాకు కోపం లేదు, ఆమె గైడులో కోటే ఉండి ఉంటుంది. మార్కులు పెంచమనీ అడగను. వాడు రాసినదాని జిరాక్సు దీంతో పంపుతున్నాను, మళ్లీ ఆదివారం చోటుంటే వేయండి. కోడి బొమ్మ కూడా వాడే గీశాడు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు